విజయం కోసం ప్రార్థించమని అడగకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ పాఠకుల పేజీలో ఒక ఉత్తరం చదివాను. దేవుడి పేరు చెప్పి యుద్ధం వద్దనేవాళ్లు పిరికివాళ్లైనా అయ్యుండాలి, శత్రువుకి పనికొచ్చే అమాయకులైనా అయ్యుండాలి, మతం పని ప్రార్థన వరకే, మనవైపు గెలవాలని దణ్ణం పెట్టుకుని ఊరుకుంటే చాలు అని రాశారు ఆయన. ఆ ఉత్తరం నన్ను వదల్లేదు. సరిగ్గా ఆ వారమే నేను వెళ్లిన ఒక సామూహిక ప్రార్థనలో, ఇప్పుడు జరుగుతున్న యుద్ధంలో ఫలానా పక్షానికి విజయం కలగాలని అందరం కళ్లు మూసుకుని కోరుకోవాలన్నారు. చుట్టూ ఉన్నవాళ్లంతా కోరుకున్నారు. నాకు మాత్రం నోరు పెగల్లేదు. ఆ ఒక్క మాట నెరవేరాలంటే అవతల ఎన్ని ఇళ్లు కూలాలో, ఎంతమంది పిల్లలు పోవాలో రోజూ మీ పేపర్లోనే చదువుతున్నాం కదా, అన్నీ తెలిసి దాన్ని దేవుణ్ణి ఎలా అడిగేది?

నేను పండితురాల్ని కాను. ప్రార్థన చేసుకునే మామూలు మనిషిని. కానీ ఆ రోజు నుంచి ఇలా నోరు పెగలనివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ చదివాను, చదివింది చెప్పకుండా ఉండలేకపోతున్నాను, కాస్త పొడుగైనా దయచేసి వేయండి.

ముందుగా ఒక్క మాట మార్చినందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఒక పూజారి సంగతి. యుక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక 2022లో రష్యా ఆర్థడాక్స్ చర్చి పెద్దలు ఒక ప్రార్థన రాసి, ప్రతి చర్చిలో చదవమని పంపారు. అందులో నీ బలంతో మాకు విజయాన్ని ఇవ్వు అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. మాస్కోలో యోఆన్ కోవల్ అనే పూజారి ఆ ప్రార్థన చదివారు, అంతా చదివారు, విజయం అనే మాట వచ్చిన చోట శాంతి అన్నారు. అంతే చేసింది. ఎవరో వెళ్లి పైవాళ్లకి చెప్పారు. 2023లో చర్చి కోర్టు ఆయన్ని పూజారి హోదా నుంచే తీసేసింది. తర్వాత ఆయన దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ అనే ఇంకో ఆర్థడాక్స్ మతపెద్ద ఆయన హోదా ఆయనకి తిరిగి ఇచ్చారు, అది వేరే సంగతి. నాకు నిద్ర పట్టనివ్వనిది ఏమిటంటే, శాంతి అన్నందుకు ఆయన మీద చర్య తీసుకున్నది పోలీసులు కారు, సైన్యం కాదు. దేవుడి ఇల్లే తీసుకుంది.

మతం కారణంగా యుద్ధాన్ని ఎదిరించినవాళ్ల కథలు ఏవి తిరగేసినా నాకు ఇదే కనపడింది. వాళ్లు ప్రభుత్వంతో తలపడటం తర్వాత మాట, ముందు తమ గుడిలో తమ పెద్దలతోనే తలపడాల్సి వచ్చింది. యుద్ధం చేసే ప్రభుత్వాలకి దేవుడి దీవెన కావాలి, ఆ దీవెన ఇచ్చేవాళ్లు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల బెల్టు బిళ్ల మీద దేవుడు మాతో ఉన్నాడు అని చెక్కి ఉండేది. అవతలివైపు లండన్ బిషప్ వినింగ్టన్ ఇంగ్రమ్ 1915లో చేసిన ప్రసంగంలో జర్మన్లని చంపాలి, మంచివాళ్లని కూడా, చెడ్డవాళ్లని కూడా, కుర్రవాళ్లని కూడా, ముసలివాళ్లని కూడా అన్నారు. ఇద్దరూ మొక్కేది ఒకే క్రీస్తుకి! శత్రువుని ప్రేమించమన్న ఆయనకే!

అదే బ్రిటన్లో, 1916లో నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టం వచ్చినప్పుడు, మనస్సాక్షి ఒప్పుకోనివాళ్లకి మినహాయింపు కోరే వీలు ఆ చట్టంలోనే పెట్టారు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ వాళ్లు పదిహేడో శతాబ్దం నుంచి ఆయుధం పట్టం అంటూ వస్తున్నారు, పార్లమెంటులో ఆ వీలు కోసం గట్టిగా నిలబడింది కూడా ఎక్కువగా వాళ్లే. అయితే చట్టంలో ఉన్నది ఊళ్లలో మినహాయింపులు తేల్చడానికి కూర్చున్న ట్రిబ్యునళ్ల దగ్గరికి వచ్చేసరికి వేరుగా ఉండేది. నీ అక్కని ఎవరైనా పాడుచేయబోతే ఊరుకుంటావా అని అడిగేవాళ్లు, ఏ జవాబు చెప్పినా తప్పే. సుమారు 16,000 మంది అలా నిరాకరించారు. కొందరిని బలవంతంగా ఫ్రాన్స్‌కి తీసుకెళ్లారు, ఎందుకంటే యుద్ధరంగంలో ఆజ్ఞ మీరితే మరణశిక్ష వేయొచ్చు. 35 మందికి వేశారు కూడా. వరసగా నిలబెట్టి, సైనికులందరి ముందు ఒక్కొక్కరి పేరూ పిలిచి, కాల్చి చంపాలని తీర్పు అని చదివి, ఆగి, పై సైన్యాధిపతి దాన్ని ఖాయం చేశారని చదివి, మళ్లీ ఆగి, అప్పుడు దాన్ని పదేళ్ల కఠిన శిక్షగా మార్చామని చెప్పారట. అలా రెండుసార్లు ఆగినప్పుడు వాళ్ల గుండెల్లో ఏం జరిగుంటుందో ఒక్క నిమిషం ఆలోచించి, ఆ తర్వాత పిరికివాళ్లు అనే మాట వాడమని ఉత్తరం రాసిన పెద్దమనిషికి నా మనవి. వాళ్లందరూ మతం కోసం నిరాకరించినవాళ్లే కారు, సోషలిస్టులు కూడా ఉన్నారు. కానీ ఇంగ్లండులో రిచ్మండ్ కోట గదుల్లో ఉంచినవాళ్లు గోడల మీద పెన్సిలుతో రాసుకున్న కీర్తనల పాదాలు, గీసుకున్న బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

పిరికితనం గురించే ఇంకో రెండు చెప్పి ముందుకెళ్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో సెవెంత్ డే అడ్వెంటిస్టు అనే క్రైస్తవ శాఖకి చెందిన డెస్మండ్ డాస్ అమెరికా సైన్యంలో చేరాడు గానీ తుపాకీ ముట్టుకోనన్నాడు. తోటివాళ్లు ఏడిపించారు, పైవాళ్లు వదిలించుకోవాలని చూశారు. 1945లో ఒకినావాలో దళం వెనక్కి దిగిపోయాక కూడా కొండ మీదే ఉండి, గాయపడినవాళ్లని ఒక్కొక్కరినీ తాడుతో కిందికి దింపాడు, సుమారు 75 మందిని. అమెరికాలో సైనికుడికిచ్చే అతి పెద్ద పతకం అతనికిచ్చారు. రెండోది ఎవరికీ అంతగా తెలియని సంగతి. అదే రోజుల్లో మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆకలి మీద ఒక ప్రయోగం జరిగింది. యుద్ధం అయిపోయాక యూరప్‌లో కరువుతో ఎండిపోయినవాళ్లకి తిండి ఎలా మొదలుపెట్టాలో డాక్టర్లకి తెలియదు, ఎవరినైనా నెలల తరబడి పస్తులుంచి చూస్తేగానీ తెలియదు. దానికి ముందుకొచ్చిన 36 మందీ యుద్ధానికి పోనని చెప్పినవాళ్లే, క్వేకర్లు, మెనొనైట్లు, బ్రెదరెన్ శాఖవాళ్లు చాలామంది. ఆరు నెలలు అరకొర తిండితో బరువులో పావు వంతు దాకా పోగొట్టుకున్నారు. ఎముకలు తేలిన వాళ్ల ఫోటోలు చూస్తే కళ్లు తిప్పుకోవాలనిపిస్తుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువగా కుదిపేసిన మనిషి ఫ్రాంజ్ యేగర్‌ష్టెటర్. ఆస్ట్రియాలో సెయింట్ రాడెగుండ్ అనే పల్లెటూరి రైతు. పెద్దగా చదువుకోలేదు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకుని ఓటు పెట్టినప్పుడు ఆ ఊళ్లో కాదని ఓటేసింది ఈయన ఒక్కడే. హిట్లర్ కోసం యుద్ధం చేయడం పాపం అని ఆయనకి మనసులో ఖాయమైపోయింది, అయినా తన తెలివిని తాను నమ్మక, అది పాపమా కాదా చెప్పమని పూజారుల దగ్గరికి తిరిగాడు, చివరికి లింజ్ బిషప్ దగ్గరికే వెళ్లాడు. బిషప్ చెప్పింది ఏమిటంటే, నీకు భార్యాపిల్లలున్నారు, వాళ్ల బాధ్యత చూసుకో, పైవాళ్లు చేసే పనుల మంచిచెడ్డలు తేల్చడం నీ పని కాదు అని. ఆ మాట అన్నది హిట్లర్ మనిషి అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

1943 మార్చిలో పిలుపు వచ్చింది, వెళ్లి, తుపాకీ పట్టను, కావాలంటే గాయపడినవాళ్లకి సేవ చేస్తాను అన్నాడు. ఒప్పుకోలేదు. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్‌లో తల నరికేశారు. వయసు 36, ముగ్గురు చిన్న ఆడపిల్లలు. ఊళ్లోవాళ్లు ఆ చావుకి భార్య ఫ్రాన్సిస్కానే తప్పుపట్టారు, ఆవిడ భక్తి ఎక్కువై మొగుణ్ణి ఇలా చేసిందన్నారు. యుద్ధం అయిపోయాక, హిట్లర్ పోయాక కూడా ఆవిడకి పింఛను కొన్నేళ్లు ఇవ్వలేదు. సరే, ప్రభుత్వం అంతే అనుకుందాం. ఆయన గురించి మంచిగా ఒక వ్యాసం చర్చి పత్రికలో వేయబోతే అదే బిషప్ 1946లో వద్దని ఆపేశారు, కర్తవ్యం అనుకుని యుద్ధంలో పోరాడి చచ్చిపోయిన కుర్రవాళ్లే ఇంకా గొప్పవాళ్లని. అరవై నాలుగేళ్లు పట్టింది. 2007 అక్టోబరులో అదే లింజ్‌లో, అదే చర్చి ఆయన్ని ధన్యుడిగా, అంటే సెయింట్ హోదాకి ముందు మెట్టు మీద, ప్రకటించింది. 94 ఏళ్ల ఫ్రాన్సిస్కా అక్కడ కూర్చుని ఉంది. ఆ ఫోటో చూస్తే సంతోషించాలో కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. చచ్చాక అరవై ఏళ్లకి దండ వేయడం ఎవరైనా చేస్తారు, ఆ రోజు బిషప్ గారు ఆ రైతు పక్కన నిలబడి, నాయనా నువ్వు పొరపాటు పడటం లేదు అని ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది!

మీరు పత్రిక నడిపేవారు కాబట్టి తర్వాతిది ముఖ్యంగా మీకు రాస్తున్నాను. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని తప్పు అని బహిరంగంగా అన్నారు. ఆయన చెప్పిన కారణాల్లో రాజకీయం ఉంది, బీదల డబ్బంతా యుద్ధం మింగేస్తోందన్న బాధ ఉంది, కానీ వాటి వెనక తాను దేవుడి మాట చెప్పే పాస్టర్ని, శత్రువుల కోసం కూడా ప్రాణం ఇచ్చిన క్రీస్తు మాట వియత్నాం మనుషులకి వర్తించదని ఎలా అంటాను అన్న ప్రశ్న ఉంది. మూడు రోజులకి న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసింది, డాక్టర్ కింగ్ పొరపాటు అని పేరు పెట్టి. వాషింగ్టన్ పోస్ట్ ఆయన తన ప్రజలకీ దేశానికీ తన వల్ల అయ్యే ఉపయోగాన్ని తగ్గించుకున్నారని రాసింది. నల్లవాళ్ల హక్కుల ఉద్యమంలో తోటివాళ్లే హక్కుల పోరాటాన్నీ యుద్ధం సంగతినీ కలపొద్దన్నారు. సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న ఆయన్ని కాల్చి చంపారు. ఇవాళ ఆ పత్రికలు చదివేవాళ్లలో ఎంతమంది ఆ సంపాదకీయాల పక్షాన ఉంటారు? రేపు మీ టేబుల్ మీదికి ఇలాంటి వార్త ఒకటి వచ్చినప్పుడు ఆ రెండు సంపాదకీయాలు గుర్తుతెచ్చుకోండని బతిమాలుకుంటున్నాను.

అదే యుద్ధంలో మళ్లీ ఆ విజయం అనే మాట. 1966 క్రిస్మస్‌కి న్యూయార్క్ కార్డినల్ స్పెల్మన్ వియత్నాం వెళ్లి, అమెరికా సైనికులతో ఇది నాగరికత కోసం యుద్ధం, విజయానికి తక్కువ దేన్నీ ఊహించలేం అన్నారు. అప్పటికి పోప్ ఆరో పాల్ చర్చలు జరపండి, ఆపండి అని అడుగుతూనే ఉన్నారు! ఆ కార్డినల్ చర్చిలోనే జెసూట్ అనే కాథలిక్ సన్యాసుల సంఘానికి చెందిన ఫాదర్ డేనియల్ బెరిగన్ ఉండేవారు, యుద్ధం మీద మాట్లాడుతున్నారని 1965లో ఆయన్ని పైవాళ్లు లాటిన్ అమెరికాకి పంపించేశారు. జనం గొడవ చేస్తే మళ్లీ రానిచ్చారు. 1968 మే 17న ఆయన, ఆయన తమ్ముడు ఫాదర్ ఫిలిప్, ఇంకో ఏడుగురు కేటన్స్‌విల్ అనే ఊళ్లో సైన్యంలోకి కుర్రవాళ్లని పిలిచే ఆఫీసుకి వెళ్లి 378 ఫైళ్లు బయటికి తెచ్చి, ఇంట్లో తయారుచేసిన నాపామ్‌తో, అంటే ఒంటికి అంటుకుని మండే పదార్థంతో, కాల్చేశారు. వియత్నాంలో పిల్లల మీద పడుతున్నది అదే పదార్థం. ప్రభుత్వ కాగితాలు కాల్చడం సరైందా అంటే నేను వెంటనే అవును అనలేను, ఆ ఆఫీసులో పనిచేసే గుమస్తా ఆడవాళ్లు ఎంత భయపడి ఉంటారో అని కూడా అనిపిస్తుంది. కానీ వాళ్లు అక్కడి నుంచి పారిపోలేదు. ఆ మంట పక్కనే నిలబడి ప్రార్థన చేసుకుంటూ పోలీసులు వచ్చేదాకా ఎదురుచూశారు, అరెస్టయ్యారు. రాయి విసిరి పరిగెత్తేవాడికీ వీళ్లకీ తేడా అక్కడుంది.

ఒక్కోసారి ఇది వేరే దారి కూడా పట్టింది. 1965లో పెంటగాన్ దగ్గర నార్మన్ మోరిసన్ అనే క్వేకరు, 1967లో వియత్నాంలో న్యాట్ చి మై అనే బౌద్ధ యువతి యుద్ధం ఆపమని తమ ప్రాణాలే తీసుకున్నారు. వాళ్ల బాధకి చేతులెత్తి మొక్కుతాను, కానీ ఆ దారి ఎవరికీ చూపించను, ఎవరూ పోకూడదు. ఆ అమ్మాయి స్నేహితుడూ గురువూ అయిన తిక్ న్యాట్ హాన్ అనే బౌద్ధ భిక్షువు బతికి ఉండి చేసిన పని నాకు ఎక్కువ నచ్చుతుంది. 1966లో శాంతి కోసం మాట్లాడటానికి అమెరికా వెళ్తే ఇటు దక్షిణ వియత్నాం ప్రభుత్వమూ తిరిగి రానివ్వలేదు, అటు యుద్ధం గెలిచిన ఉత్తరంవాళ్లూ రానివ్వలేదు. 2005 దాకా సొంత దేశంలో కాలు పెట్టలేకపోయారు. ఏ పక్షం విజయమూ కోరనివాడికి ఏ పక్షంలోనూ చోటుండదు మరి.

ఇంతా చదివాక అసలు ప్రశ్న మిగిలే ఉందని నాకు తెలుసు. హిట్లర్ లాంటివాడు మీదికొస్తే ప్రార్థన చేస్తూ కూర్చుంటారా అని. నా దగ్గర దీనికి తయారుగా ఉన్న సమాధానం లేదు, ఉన్నట్టు నటించను. డీట్రిష్ బోన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టర్ మొదట్లో యుద్ధమే వద్దన్నవాడు, చివరికి హిట్లర్‌ని చంపే కుట్ర చేస్తున్నవాళ్లతో కలిశాడు, అదీ పాపమే, ఆ పాపం నేను మోస్తాను అనుకుంటూ. 1945 ఏప్రిల్‌లో ఉరి తీశారు. గాంధీ గారు కూడా 1918లో సైన్యంలో చేరమని ఖేడాలో ఊరూరా తిరిగినవారే, 1940లో మనిషినిగానీ డబ్బునిగానీ యుద్ధానికి ఇవ్వడం తప్పు అని చెప్పడానికి మొట్టమొదట వినోబాని పంపినవారూ ఆయనే. ఇల్లు కాపాడుకోవడానికి తుపాకీ పట్టినవాణ్ణి పాపి అనే ధైర్యం నాకు లేదు. నేను అడుగుతున్నది చాలా తక్కువ. తప్పనిసరై చేసినా అది దుఃఖంతో చేయాల్సిన పని, దానికి దేవుడి చేత జెండా పట్టించొద్దు. కళింగ గెలిచిన అశోకుడు తన పదమూడో శాసనంలో లక్ష మంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించుకుపోయామని, అది తలచుకుంటే బాధగా ఉందని చెక్కించాడు. గెలిచిన రాజు గెలుపు గురించి అలా రాయించడం ఇంకెక్కడైనా ఉందా?

మతం యుద్ధాన్ని ఆపింది ఎప్పుడైనా ఉందా అంటే, ఒక్కటి చెప్తాను. ఆఫ్రికాలోని లైబీరియాలో 1989 నుంచి ఆగి ఆగి అంతర్యుద్ధం. 2003లో లేమా బోవీ అనే లూథరన్ చర్చి ఆవిడ, ఇంకొంతమంది క్రైస్తవ స్త్రీలు మొదలుపెట్టారు, ముస్లిం స్త్రీలు వచ్చి కలిశారు. తెల్లబట్టలు కట్టుకుని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర మైదానంలో రోజూ కూర్చున్నారు, ఎండకీ వానకీ, అధ్యక్షుడు చార్ల్స్ టేలర్ కారు ఆ దారినే పోతుంది కాబట్టి. ఘనా దేశపు ఆక్రాలో శాంతి చర్చలు వారాల తరబడి సాగుతుంటే అక్కడికీ వెళ్లి, మాట తేలేదాకా బయటికి రానివ్వం అని హాలు తలుపులకి అడ్డంగా కూర్చున్నారు. అరెస్టు చేస్తామంటే బట్టలు విప్పేస్తానని బోవీ లేచింది, ఆ దేశాల్లో తల్లి వయసు స్త్రీ అలా చేస్తే చూసినవాళ్లకి శాపం అంటారు. పోలీసులు వెనక్కి తగ్గారు. ఆగస్టులో టేలర్ దిగిపోయాడు, ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. వాళ్లొక్కరి వల్లే అయిందనను, బయటి దేశాల ఒత్తిడి ఉంది, రాజధాని మీద తిరుగుబాటుదార్ల ముట్టడి ఉంది. కానీ వాళ్ల ప్రార్థనలో ఏ పక్షం పేరూ లేదు.

కాబట్టి సంపాదకుల వారూ, మీ ద్వారా నా మనవి ముఖ్యంగా మతపెద్దలకి, ఏ మతం వారికైనా. మీ దగ్గరికి వచ్చే జనంలో నాలాగ నోరు పెగలనివాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లని దేశద్రోహులని అనకండి, ఆ బిషప్ లాగ నీకెందుకు అనకండి, వీలైతే పక్కన నిలబడండి. చచ్చినవాళ్ల కోసం చేసే ప్రార్థనలో అవతలి చచ్చినవాళ్లని కూడా కలపండి, వాళ్లకీ తల్లులున్నారు. మీకు కూడా ఒక మనవి. గెలుపోటముల మ్యాపులకి మొదటి పేజీ ఇస్తున్నారు, వద్దన్నందుకు జైల్లో ఉన్నవాళ్లకి లోపలి పేజీలో అయినా చోటివ్వండి. దక్షిణ కొరియాలో ఆయుధం పట్టం అన్నందుకు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు 1950 నుంచి సుమారు 19,000 మంది జైలుకెళ్లారు, 2018లో గానీ అక్కడి కోర్టులు వాళ్ల మాట వినలేదు. అరవై ఏళ్లపాటు ఎన్ని పేపర్లు ఆ సంగతి రాశాయి?

మేం ప్రార్థన చేసుకునే చోట వచ్చే వారం కూడా అదే ప్రార్థన ఉంటుందని చెప్పారు. చాలా టెన్షన్‌గా ఉంది, అందరూ ఎరిగినవాళ్లే. అయినా వెళ్తున్నాను. ఆ మాట వచ్చిన చోట శాంతి అంటాను, పక్కవాళ్లకి వినపడేలాగే.

ఇట్లు,
మీ పాఠకురాలు